సబలెంకా గెలుస్తుందా? నూటికి ఎంత?

(2025 ఆగస్టు 23, శనివారం సాయంత్రం సికింద్రాబాద్‌లోని ఒక కాలనీ కమ్యూనిటీ హాల్లో, స్టాటిస్టిక్స్ అధ్యాపకుడిగా పనిచేసి రిటైరైన ఒక టెన్నిస్ అభిమాని చేసిన ప్రసంగం. రికార్డింగ్ విని రాసిన పాఠం.)

అధ్యక్షులవారికి, కాలనీ పెద్దలకు, ముందు వరుసలో రాకెట్లు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న పిల్లలకు నమస్కారం. ఇందాక నన్ను పరిచయం చేస్తూ "రేపు మొదలయ్యే యూఎస్ ఓపెన్‌లో ఆడవాళ్ళ టైటిల్ ఎవరిదో మాస్టారు చెప్పేస్తారు" అన్నారు. ఒక్క పేరు చెప్పి కూర్చోమంటే మాత్రం నా వల్ల కాదు. పేర్లు తొమ్మిది చెబుతాను. ఒక్కో పేరు పక్కన ఒక అంకె ఉంటుంది. ఆ అంకె ఎలా వచ్చిందన్నదే ఇవాళ్టి విషయం.

బుధవారం వినాయక చవితి. వచ్చే నెల 6న నిమజ్జనం. ఆ రోజు పొద్దున బాలాపూర్ లడ్డూ ఎంతకి పోతుందని మన ఊళ్ళో ఎవర్నడిగినా "పోయినసారి కంటే ఎక్కువే" అంటారు. 1994లో 450 రూపాయలతో మొదలైన వేలం నిరుడు 30 లక్షల ఒక వెయ్యికి చేరింది. దాని మీద జోస్యం చెప్పడానికి పెద్ద చదువులేం అక్కర్లేదు, పోయినేడాది అంకె తెలిస్తే చాలు. (నవ్వులు) టెన్నిస్‌లో పోయినేడాది అంకె పట్టుకుని కూర్చుంటే ఏమవుతుందో వింబుల్డన్ చూడండి. 2017లో ముగురుజా, 2018లో కెర్బర్, 2019లో హాలెప్, 2020లో కోవిడ్ వల్ల టోర్నీ లేదు, 2021లో బార్టీ, తర్వాత వరసగా రిబకినా, వొండ్రుసోవా, క్రెజికోవా, మొన్న జూలైలో స్వియాటెక్. ఎనిమిది టోర్నీలు, ఎనిమిది మంది విజేతలు. టోర్నీకి ముందు బలమైనవాళ్ళకి ర్యాంకుని బట్టి ఇచ్చే వరస నంబరుని సీడింగ్ అంటారు. వొండ్రుసోవాకి అసలు ఆ సీడింగే లేదు. క్రెజికోవా 31వ సీడ్.

ఇది చూసి మా వాకింగ్ బ్యాచ్‌లో ఒకాయన రోజూ అంటుంటారు: "ఆడవాళ్ళ టెన్నిస్‌లో నిలకడ లేదండీ, ఎవరైనా గెలుస్తారు." ఆయన ఇవాళ వచ్చారు, వెనక వరుసలో ఉన్నారు. (నవ్వులు) ఆయనంటే నాకు గౌరవమే గానీ ఆ మాట మాత్రం నాకు పడదు. నిలకడ లేక కాదు, లెక్కే అలాంటిది. అదెలాగో చూద్దాం.

ఏడాదికి నాలుగు పెద్ద టోర్నీలు, ఆస్ట్రేలియన్ ఓపెన్, ఫ్రెంచ్ ఓపెన్, వింబుల్డన్, యూఎస్ ఓపెన్. వీటినే గ్రాండ్‌స్లామ్‌లు అంటారు. ఒక్కో గ్రాండ్‌స్లామ్‌లో 128 మంది ఆడతారు. కప్పు చేతికి రావాలంటే ఏడు మ్యాచ్‌లు వరసగా గెలవాలి. ఒక్కటి ఓడితే ఇంటికే. ఇప్పుడు ఒక గొప్ప క్రీడాకారిణిని ఊహించుకోండి. ఎవరు ఎదురుపడ్డా నూటికి 80 సార్లు గెలుస్తుంది. అంటే ఐదింట నాలుగు, మామూలు విషయం కాదు. ఆమె టోర్నీ గెలిచే అవకాశం ఎంత? మీరు చెప్పండి. (సభలోంచి: "డెబ్బై", "అరవై".) 0.8ని ఏడుసార్లు హెచ్చవేయండి. 0.21 వస్తుంది. నూటికి 21! మ్యాచ్‌కి 90 శాతం ఇచ్చినా టోర్నీ దగ్గరికి వచ్చేసరికి 48 దాటదు. సెరెనాలు, స్టెఫీలు మంచి ఊపు మీదున్న రోజుల్లో కూడా, సీజన్ మొదలుకాకముందే "ఈ కప్పు ఆమెదే" అని రాసిచ్చేవాడు బొమ్మా బొరుసూ వేసినట్టే లెక్క.

ఇదంతా కాగితం మీది లెక్క అనుకుంటారేమో. ఈ ఏడాది సబలెంకానే చూడండి. ప్రపంచ నంబర్ వన్. జనవరిలో మెల్‌బోర్న్‌లో, అంటే ఆస్ట్రేలియన్ ఓపెన్‌లో, ఫైనల్‌కి వెళ్ళి మాడిసన్ కీస్ చేతిలో ఓడింది. జూన్‌లో పారిస్‌లో, అంటే ఫ్రెంచ్ ఓపెన్‌లో, ఫైనల్‌కి వెళ్ళి కోకో గాఫ్ చేతిలో ఓడింది. వింబుల్డన్‌లో సెమీఫైనల్లో అమండా అనిసిమోవా ఆపింది. కలిపితే ఈ సంవత్సరం గ్రాండ్‌స్లామ్‌లలో 20 మ్యాచ్‌లు ఆడి 17 గెలిచింది, 85 శాతం. కప్పులు మాత్రం సున్నా. మన పేపర్లు "మళ్ళీ తడబడ్డ సబలెంకా" అని రాశాయి. తడబాటు ఎక్కడుందండీ? 85 శాతాన్ని ఏడుసార్లు హెచ్చవేస్తే 32. అంటే ఒక్కో టోర్నీలో కప్పు రాకపోయే అవకాశం 68. మూడు టోర్నీల్లోనూ రాకపోయే అవకాశం 31. మూడేళ్ళకోసారి ఇలాంటి ఏడాది ఎదురైతే ఆశ్చర్యపోనక్కర్లేదు. మనకు మాత్రం ఓడిన మూడు మ్యాచ్‌లే గుర్తుంటాయి, ఎందుకంటే నిద్ర చెడగొట్టుకుని చూసింది అవే.

ఇక మగవాళ్ళ సంగతి. అక్కడ ఒకటో రెండో పేర్లు చెప్పి చాలాసార్లు నెగ్గుకు రావచ్చు. ఎందుకు? వాళ్ళు గ్రాండ్‌స్లామ్‌లలో ఐదు సెట్లు ఆడతారు, మూడు గెలవాలి. ఆడవాళ్ళు మూడు ఆడతారు, రెండు గెలవాలి. ఒక సెట్ గెలిచే అవకాశం 70 శాతం ఉన్న మనిషిని తీసుకోండి. మూడు సెట్ల మ్యాచ్ గెలిచే అవకాశం 78 శాతం. ఐదు సెట్లైతే 84. ఆరు శాతమే కదా తేడా అనిపిస్తుంది. ఏడు మ్యాచ్‌ల మీద ఆ ఆరూ ఎంత పని చేస్తాయో చూడండి: మూడు సెట్ల లెక్కలో టోర్నీ గెలిచే అవకాశం 18, ఐదు సెట్ల లెక్కలో 29. మనిషి మారలేదు, చేతిలో రాకెట్ మారలేదు, మారింది మ్యాచ్ పొడుగు ఒక్కటే. పొట్టి మ్యాచ్‌లో బలవంతుడికి కోలుకునే టైమ్ తక్కువ. నిలకడ లేదని ఆడవాళ్ళని అనే ముందు ఈ రెండు అంకెలు పక్కపక్కన పెట్టుకోవాలి. వెనక వరుసకి వినిపిస్తోందా? (నవ్వులు) ఆ పొట్టి మ్యాచ్‌లతోనే సెరెనా 23 సింగిల్స్ గ్రాండ్‌స్లామ్‌లు గెలిచిందంటే ఆమె ఎంత పైన ఉండేదో ఇప్పుడు మళ్ళీ ఆలోచించుకోండి.

ఇంకాస్త లోపలికి వెళ్దాం, పాయింట్ దాకా. పాయింట్లు కలిసి గేమ్, గేములు కలిసి సెట్, సెట్లు కలిసి మ్యాచ్. ప్రతి పాయింటూ గెలిచే అవకాశం 55 శాతం ఉన్నవాళ్ళు గేమ్‌ని 62 శాతం గెలుస్తారు, సెట్‌ని దాదాపు 82 శాతం, మ్యాచ్‌ని 91 శాతం. టెన్నిస్ స్కోరింగ్ చిన్న తేడాని ఉబ్బించి చూపిస్తుంది. మొదటి రౌండ్లలో పెద్ద సీడ్లు 6-1, 6-2 అని దులిపేసి పోవడానికి కారణం ఇదే. కానీ క్వార్టర్‌ఫైనల్ దాటాక ఎదురెదురుగా నిలబడే ఇద్దరి మధ్య తేడా 51, 49 దగ్గర ఉంటుంది. అప్పుడు మ్యాచ్ అవకాశం 61కి అటూఇటూ మాత్రమే. అక్కడ ఒక్క బంతి చాలు.

ఒక్క బంతి అని ఊరికే అనడం లేదు. ఈ జనవరిలో మెల్‌బోర్న్ సెమీఫైనల్, స్వియాటెక్, కీస్. అప్పటిదాకా ఐదు మ్యాచ్‌లలో స్వియాటెక్ ఇచ్చింది మొత్తం 14 గేములు. సెట్లు కాదు, గేములు! కీస్ 19వ సీడ్, 29 ఏళ్ళు, అంతకుముందు గ్రాండ్‌స్లామ్ గెలిచింది లేదు. మొదటి సెట్ 7-5 స్వియాటెక్‌ది, రెండోది 6-1 కీస్‌ది. మూడో సెట్లో 6-5 మీద సర్వీస్ స్వియాటెక్‌ది, మ్యాచ్ పాయింట్, అంటే ఇంకొక్క పాయింట్ గెలిస్తే మ్యాచ్ ఆమెదే. ర్యాలీలో ఆమె బ్యాక్‌హ్యాండ్ నెట్‌కి తగిలింది. అంతే. కీస్ ఆ గేమ్ లాగేసుకుంది, పది పాయింట్ల టైబ్రేక్‌ని 10-8తో గెలిచింది, రెండు రోజుల తర్వాత సబలెంకాని మూడు సెట్లలో ఓడించి కప్పు ఎత్తుకుపోయింది. ఆ బంతి అంగుళం పైనుంచి వెళ్ళుంటే ఇవాళ నేను ఈ వేదిక మీద వేరే కథ చెబుతుండేవాణ్ణి. స్వియాటెక్ మీద పందెం కట్టినవాడు మూర్ఖుడు కాదు, కీస్ పేరు చెప్పినవాడు మేధావీ కాదు.

సరే, మరి అంకెలు వేయడం ఎలా? మొదట అందరూ ర్యాంకింగ్ చూస్తారు. దాన్ని నమ్మొద్దనను గానీ అది ఏం చెబుతుందో తెలుసుకోవాలి. డబ్ల్యూటీఏ, అంటే ఆడవాళ్ళ టెన్నిస్ నడిపే సంఘం, ఇచ్చే ర్యాంకింగ్ గత 52 వారాల పాయింట్ల జమ. గ్రాండ్‌స్లామ్ గెలిస్తే 2000 పాయింట్లు. ఎవరి మీద గెలిచారన్నది దానికి పట్టదు. పది నెలల కింద గెలిచిన పాయింటూ, పోయిన వారం గెలిచిన పాయింటూ దానికి ఒకటే. కెనడా అమ్మాయి విక్టోరియా ఎంబోకోకి 18 ఏళ్ళు. ఏడాది మొదట్లో 300 బయట ఉంది. రెండు వారాల కింద మాంట్రియల్‌లో వైల్డ్‌కార్డుతో, అంటే నిర్వాహకులు ప్రత్యేకంగా ఇచ్చే చోటుతో, దిగి, ఫైనల్లో నవోమి ఒసాకాని ఓడించి టైటిల్ కొట్టింది. ఇప్పుడు న్యూయార్క్‌లో 22వ సీడ్. మొదటి రౌండ్లోనే ఎవరు తగిలారో తెలుసా? క్రెజికోవా. ఫ్రెంచ్ ఓపెన్, వింబుల్డన్ రెండూ గెలిచిన మనిషి, గాయాల వల్ల ర్యాంకు పడిపోయి సీడ్ లేకుండా ఉంది. కాగితం మీద సీడ్ ఎంబోకోది. నేనైతే సగం సగం అంటాను.

ర్యాంకింగ్ కంటే నాకు నచ్చేది ఈలో పద్ధతి. చెస్ ఆడే పిల్లలకి తెలిసే ఉంటుంది. అర్పాద్ ఈలో అనే భౌతికశాస్త్రం ప్రొఫెసర్ చెస్ కోసం తయారుచేశాడు. బలమైనవాళ్ళని ఓడిస్తే ఎక్కువ పాయింట్లు, బలహీనుల్ని ఓడిస్తే కొంచెం. ఇద్దరి మధ్య తేడా 100 ఉంటే పైవాళ్ళు గెలిచే అవకాశం 64 శాతం, 200 ఉంటే 76. టెన్నిస్‌కి వేసేటప్పుడు గట్టి కోర్టుకి వేరే, మట్టి కోర్టుకి వేరే లెక్క పెట్టుకోవాలి, యూఎస్ ఓపెన్ గట్టి కోర్టు కదా. అయితే ఈలోలో 64 అని వచ్చిందంటే మిగతా 36 ఎటూ పోలేదు. మొన్న జూలైలో బతూమీలో మహిళల చెస్ ప్రపంచకప్ ఫైనల్ చూశాం. రేటింగూ అనుభవమూ మన కోనేరు హంపి వైపున్నాయి. టైబ్రేక్‌లో దివ్యా దేశ్‌ముఖ్ గెలిచింది.

తర్వాతది డ్రా, అంటే ఎవరు ఎవరితో ఆడాలో తేల్చే పట్టిక. గురువారం తీశారు. ఎవరి దారిలో ఎవరున్నారో చూడకుండా జోస్యం చెప్పేవాళ్ళని నమ్మకండి. సబలెంకా పైభాగంలో ఉంది. ఆమె క్వార్టర్‌లోనే, అంటే పట్టికలో ఆమె ఉన్న పాతిక భాగంలోనే, పవోలిని, రిబకినా ఉన్నారు. రిబకినా పోయిన వారమే సిన్సినాటిలో సబలెంకాని 6-1, 6-4తో చిత్తు చేసింది. స్వియాటెక్, గాఫ్ ఇద్దరూ కింది భాగంలో పడ్డారు, అంటే వాళ్ళలో ఒక్కరే ఫైనల్‌కి రాగలరు. అనిసిమోవా స్వియాటెక్ క్వార్టర్‌లో ఉంది. ఈ ఇద్దరూ జూలైలో వింబుల్డన్ ఫైనల్ ఆడారు, స్కోరు 6-0, 6-0. యాభై ఏడు నిమిషాల్లో అయిపోయింది. మళ్ళీ ఎదురుపడితే అదే స్కోరు వస్తుందని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. ఒక్క మ్యాచ్‌ని పట్టుకుని రాశిఫలం చెప్పకూడదు.

ఒక్క మ్యాచ్ కాదు, ఆరు ఉంటే మాత్రం చూడాలి. లాత్వియా అమ్మాయి ఓస్తాపెంకో స్వియాటెక్‌తో ఆరుసార్లు ఆడి ఆరుసార్లూ గెలిచింది. ర్యాంకు ఏదైనా కానీ, ఆ కొట్టుడు ముందు స్వియాటెక్‌కి ఊపిరాడదు. 2023లో ఇదే యూఎస్ ఓపెన్‌లో నాలుగో రౌండ్లో ఇంటికి పంపింది. ఈసారి ఓస్తాపెంకో పైభాగంలో పడింది, ఫైనల్ దాకా ఎదురుపడదు. స్వియాటెక్‌కి నేను ఓ రెండు శాతం పెంచింది ఈ ఒక్క కారణానికే.

ఇక నా అంకెలు. రాసుకునేవాళ్ళు రాసుకోండి. సబలెంకా 24. న్యూయార్క్‌లో గత నాలుగేళ్ళలో రెండుసార్లు సెమీస్, ఒకసారి ఫైనల్, నిరుడు టైటిల్, ఇంతకన్నా ఏం కావాలి? సెరెనా తర్వాత, అంటే 2014 తర్వాత, ఇక్కడ టైటిల్ నిలబెట్టుకున్నవాళ్ళు లేరు నిజమే. కానీ అదేదో శాపం అన్నట్టు మాట్లాడేవాళ్ళని పట్టించుకోకండి. స్వియాటెక్ 22. వింబుల్డన్, మొన్న సోమవారం సిన్సినాటి, రెండూ ఆమెవే. గాఫ్ 9, పారిస్ గెలిచింది గానీ సర్వీస్‌లో డబుల్ ఫాల్టులు, అంటే రెండు సర్వీసులూ తప్పి పాయింట్ పోగొట్టుకోవడం, ఆమెని తినేస్తున్నాయి, టోర్నీకి సరిగ్గా ముందు కోచ్‌ని మార్చింది. రిబకినాకి కూడా 9. అనిసిమోవా 6. పెగులా 5, ఆండ్రీవా 5. కీస్ 4. ఒసాకా 4, ఈ టోర్నీ రెండుసార్లు గెలిచిన మనిషి, మాంట్రియల్‌లో పాత ఊపు కనిపించింది. మొత్తం 88. మిగిలిన 12?

ఆ 12 మిగతా 119 మందివి. ఒక్కొక్కరికీ వచ్చేది చిల్లర. అందరికీ కలిపితే గాఫ్ కంటే ఎక్కువ. జోస్యం చెప్పేవాళ్ళు ఎప్పుడూ మర్చిపోయేది ఈ డబ్బానే. 2021లో ఇదే యూఎస్ ఓపెన్‌లో ఎమ్మా రదుకాను 150వ ర్యాంకుతో క్వాలిఫయింగ్, అంటే అసలు టోర్నీకి ముందుండే అర్హత మ్యాచ్‌లు, ఆడి వచ్చి, మొత్తం పది మ్యాచ్‌లు ఒక్క సెట్ ఇవ్వకుండా గెలిచింది. ముందుగా ఆమె పేరు ఎవరూ చెప్పలేరు, చెప్పామన్నవాళ్ళు అబద్ధమాడుతున్నారు. కానీ "ఎవరో ఒక ఊహించని మనిషి గెలవొచ్చు, నూటికి 12" అని ముందుగానే రాసిపెట్టుకోవచ్చు. 2015లో ఇక్కడే రాబర్టా విన్సీ సెమీఫైనల్లో సెరెనాని ఓడించినప్పుడు ఆమె మీద పందెం రేటు 300కి ఒకటి. ఒకే ఏడాదిలో నాలుగూ గెలవాలన్న సెరెనా ఆశ ఆ రోజు ఆగిపోయింది.

మన ఊరి సంగతీ చెప్పుకోవాలి. 2005 ఫిబ్రవరిలో ఎల్బీ స్టేడియం పక్కన టెన్నిస్ కోర్టులో హైదరాబాద్ ఓపెన్ ఫైనల్. 18 ఏళ్ళ సానియా మీర్జా, ఉక్రెయిన్ అమ్మాయి అల్యోనా బొండరెంకో. 6-4, 5-7, 6-3. డబ్ల్యూటీఏ సింగిల్స్ టైటిల్ గెలిచిన మొదటి భారతీయురాలు మన అమ్మాయే. అదే ఏడాది యూఎస్ ఓపెన్‌లో మూడు మ్యాచ్‌లు గెలిచి నాలుగో రౌండ్‌కి వెళ్ళి షరపోవాతో ఆడింది. ఒక్కో మ్యాచ్‌కి 40 శాతం వేసుకున్నా మూడూ గెలిచే అవకాశం ఆరున్నరే. ఆ ఆరున్నరే మన ఊళ్ళో ఎంతమంది పిల్లల చేతికి రాకెట్ ఇచ్చిందో ముందు వరుస చూస్తే తెలుస్తోంది. (చప్పట్లు)

పందెం మాట వచ్చింది కాబట్టి ఒక్క ముక్క. నేను చెప్పే లెక్కలు బెట్టింగ్ కోసం కాదు. తెలంగాణలో ఆన్‌లైన్ బెట్టింగ్ 2017లోనే నిషేధం. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలన్నిటి మీదా దేశమంతటికీ వర్తించే చట్టానికి నిన్ననే రాష్ట్రపతి సంతకం పెట్టారు. లెక్క ప్రకారం చూసినా అది దండగమారి పనే. బెట్టింగ్ నడిపేవాడు ఇచ్చే రేట్లన్నిటినీ శాతాల్లోకి మార్చి కలపండి, వంద దాటుతుంది. ఆ వంద పైన ఉన్నది నడిపేవాడి జేబులోకి పోతుంది.

మరి డబ్బు పెట్టకుండా ఎవరి జోస్యం మంచిదో తేల్చేదెలా? దానికి బ్రయర్ స్కోర్ అని ఉంది. గ్లెన్ బ్రయర్ అనే వాతావరణ శాస్త్రవేత్త 1950లో పెట్టాడు. గెలిస్తే 1, ఓడితే 0 అనుకోండి, 25 శాతాన్ని 0.25 అని రాయండి. మీరు ఇచ్చిన శాతానికీ జరిగినదానికీ ఉన్న తేడాని వర్గం చేయండి. ఎంత తక్కువ వస్తే అంత మంచిది. సబలెంకాకి నేను 25 ఇచ్చాననుకోండి. ఓడితే నాకు పడేది 0.06. గెలిస్తే 0.56. మా వాకింగ్ మిత్రుడు "నూటికి నూరు ఆమెదే" అంటే, గెలిస్తే ఆయనకి సున్నా, ఓడితే ఏకంగా 1. ఆమె నిజంగా నాలుగింట ఒకసారి గెలిచే మనిషైతే, చాలా టోర్నీల మీద సగటు తీస్తే నాకు 0.19, ఆయనకి 0.75. ఒక్క టోర్నీలో ఆయన నన్ను ఓడించొచ్చు. పదేళ్ళపాటు ఓడించలేరు. అందుకే ఎవరైనా "నేను చెప్పానా లేదా" అని కాలర్ ఎగరేస్తే, ఇంతకుముందు చెప్పినవన్నీ కాగితం మీద చూపించమనండి.

ప్రశ్నలుంటే అడగండి.

(ఒక అమ్మాయి: "సార్, టెన్షన్‌ని మీ లెక్కలో ఎక్కడ పెడతారు? మ్యాచ్ పాయింట్ దగ్గర చెయ్యి వణుకుతుంది కదా.")

మంచి ప్రశ్నమ్మా. నువ్వు ఆడతావు కాబట్టి వచ్చింది ఆ ప్రశ్న. నా లెక్కలో ప్రతి పాయింటూ ఒకటే అనుకున్నాను, అది నిజం కాదు. 1993 వింబుల్డన్ ఫైనల్లో యానా నొవోత్నా మూడో సెట్లో 4-1 మీద ఉంది, ఇంకో పాయింట్ గెలిస్తే 5-1. అక్కడ డబుల్ ఫాల్ట్ చేసింది, మ్యాచ్ స్టెఫీకి పోయింది. ఆ వణుకుని కొలిచే సాధనం నా దగ్గర లేదు. అయితే అదే నొవోత్నా 1998లో వింబుల్డన్ గెలిచింది. అందుకని ఒకసారి వణికిన చేతికి నేను శాతాలు కోయను.

(ఒక పెద్దావిడ: "సెరెనా అక్క వీనస్ ఈసారి ఆడుతోందట కదండీ, దానికెంత ఇచ్చారు?")

45 ఏళ్ళమ్మా ఆవిడకి! వైల్డ్‌కార్డు ఇచ్చారు. 1997లో మొదటిసారి యూఎస్ ఓపెన్ ఆడినప్పుడు సీడ్ లేకుండానే ఫైనల్‌కి వెళ్ళింది. ఇప్పుడు మొదటి మ్యాచే 11వ సీడ్ ముచోవాతో. కప్పు అంటే ఆ 12లో చిల్లర కింద వేశాను. ఒక సెట్ గెలుస్తుందా అని అడగండి, 30 ఇస్తాను.

(వెనక వరుస నుంచి: "ఫైనల్ మనకి ఎన్నింటికండీ?")

వచ్చే నెల 6, శనివారం, వాళ్ళకి సాయంత్రం నాలుగింటికి. మనకి ఆదివారం తెల్లవారుజాము ఒకటిన్నర. ఆ రోజే నిమజ్జనం కాబట్టి ఎలాగూ ఎవరూ పడుకోరు. (నవ్వులు) తలుపు దగ్గర చీటీలున్నాయి. పేర్లు, శాతాలు రాసి డబ్బాలో వేసి వెళ్ళండి. ఎంతమందివైనా రాయొచ్చు, కలిపితే వంద రావాలి. "మిగతావాళ్ళు" అన్న గడి ఖాళీగా వదలొద్దు. వంద దాటిన చీటీలు పక్కన పెట్టేస్తాను, తర్వాత నాతో గొడవ పెట్టుకోవద్దు.